గేర్‌బాక్స్ మార్చాక సెల్ఫ్ తీసుకోవట్లేదా? మోటారు కొనే ముందు ఎర్త్ వైరు చూడండి

గుణుపూర్ నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. పాత 800 సీసీ ఆల్టో. మూడో గేరు నిలబడక జారిపోతుంటే స్క్రాప్‌లో దొరికిన గేర్‌బాక్స్ తెచ్చి మార్పించారు. పని అయ్యాక తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు, తర్వాత ఏమీ లేదు. సెల్ఫ్, అంటే ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు, తిరగట్లేదు. హారన్ బాగానే మోగుతోంది, హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి. నలుగురు తోస్తే రెండో గేరులో స్టార్ట్ అవుతోంది. మెకానిక్ మాత్రం ‘సెల్ఫ్ మోటారు పోయింది, కొత్తది వేసేద్దాం’ అంటున్నాడు. కొనాలా వద్దా?

వద్దు. ఇప్పుడే వద్దు. మీ బండిలో ఇంజన్ ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కి వెళ్లే వైరు, తిరిగి బిగించి ఉండరు, లేదా బిగించినా సరిగ్గా పట్టి ఉండదు. పదిలో ఏడెనిమిది సార్లు అదే అవుతుంది. ఐదు నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు, ఒక జంపర్ కేబుల్ చాలు. ఎలాగో చెప్తాను.

నేను ఒడిశాలోని రాయగడలో ఆటో ఎలక్ట్రీషియన్‌ని. పని నేర్చుకున్నది పార్వతీపురంలో, షాపు పెట్టింది ఇక్కడ. మా దగ్గరికి వచ్చే ఒడియా వాళ్లు ‘గాడి సెల్ఫ్ నేఉ నాహి’ అంటారు, తెలుగు వాళ్లు ‘సెల్ఫ్ తీసుకోవట్లేదు’ అంటారు. రెండు భాషల్లోనూ ఒకటే మాట, ‘తీసుకోవట్లేదు’. కానీ ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు ఉంటాయి. అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ‘చప్పుడు ఎలా ఉంది?’ అని. మీరు ‘టక్’ అని రాయడం చాలా మంచిదైంది, సగం పని అక్కడే తగ్గింది.

ఇంకో సంగతి కూడా మీ ప్రశ్నలోనే ఉంది. గేర్‌బాక్స్ దించక ముందు సెల్ఫ్ బాగానే పనిచేసింది. పొద్దున నడుపుకుంటూ షెడ్డుకి తీసుకెళ్లారు కదా? సాయంత్రానికి పోయింది. మోటారు అదే రోజు, అదే పనిలో, దానంతట అది చచ్చిపోవడం జరగదని కాదు, జరుగుతుంది. కానీ గేర్‌బాక్స్ దించాలంటే చెయ్యి ఎక్కడెక్కడ పడుతుందో ముందు అక్కడ వెతకాలి. ఆ పనిలో సెల్ఫ్ మోటారు విప్పుతారు, దాని లావు వైరు, సన్న వైరు విప్పుతారు. గేర్‌బాక్స్ మీద బోల్టు వేసి ఉన్న ఎర్త్ వైరు విప్పుతారు. క్లచ్ కేబుల్, స్పీడో మీటరు కేబుల్, రివర్స్ లైటు కప్లర్ విప్పుతారు. తప్పు ఆ నాలుగైదింటిలోనే ఉంటుంది.

లైట్లు వెలుగుతుంటే సెల్ఫ్ ఎందుకు తిరగదు?

అందరూ తికమక పడేది ఇక్కడే. ‘బ్యాటరీ ఫుల్లుగా ఉంది సార్, హారన్ చూడండి’ అని మోగించి మరీ చూపిస్తారు. నిజమే, బ్యాటరీ బాగుంది. కానీ బ్యాటరీ మైనస్ నుంచి రెండు దార్లు ఉంటాయి. ఒక వైరు బాడీకి పోతుంది, ఇంకోటి ఇంజన్‌కో గేర్‌బాక్స్‌కో పోతుంది. లైట్లు, హారన్, వైపరు మోటారు అన్నీ బాడీ ఎర్త్ మీద నడుస్తాయి. సెల్ఫ్ మోటారు మాత్రం ఇంజన్‌కి బోల్టు వేసి ఉంటుంది, దానికి మైనస్ దాని ఒంటి నుంచే వస్తుంది. విడిగా మైనస్ వైరు ఉండదు. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది, రబ్బరులో కరెంటు పోదు. అంటే ఆ ఒక్క ఎర్త్ వైరు ఊడితే బండి మొత్తం బతికే ఉంటుంది, ఇంజన్ ఒక్కటే ఒంటరి దీవి అయిపోతుంది.

మరి ‘టక్’ అని ఎందుకు అంటోంది? తోస్తే ఎందుకు స్టార్ట్ అవుతోంది? ఎందుకంటే కరెంటుకి దొంగదారి దొరుకుతుంది. క్లచ్ కేబుల్ ఉంది, యాక్సిలరేటర్ కేబుల్ ఉంది, రెండూ ఇనప తీగలే, ఒక కొస ఇంజన్ మీద, రెండో కొస బాడీ మీద. ఆ సన్నదారిలో సొలినాయిడ్ (సెల్ఫ్ మీదే ఉండి మోటారుకి కరెంటు కలిపే స్విచ్) లాగడానికి, ప్లగ్గుల్లో నిప్పు పుట్టడానికి సరిపడా కరెంటు వస్తుంది. మోటారు తిరగడానికి సరిపోదు. లెక్క చూడండి: ఒక 60 వాట్ల హెడ్‌లైట్ బల్బుకి కావలసింది 5 ఆంపియర్లు. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్‌కి వంద ఆంపియర్లు, ఆపైనే కావాలి. డీజిల్ బండికైతే ఇంకా చాలా ఎక్కువ. సన్నటి గొట్టంతో చెంబు నిండుతుంది గానీ చేను తడవదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. తోసి తోసి స్టార్ట్ చెయ్యడం, ఊరికే తాళం తిప్పి తిప్పి చూడడం ఈ రోజు నుంచే ఆపెయ్యండి. ఎర్త్ లేని బండిలో సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ఆ వంద ఆంపియర్లు క్లచ్ కేబుల్ గుండా పోవాలని చూస్తాయి. కేబుల్ కాలుతుంది. లోపల ఉన్న ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగకి అతుక్కుపోతుంది. నా దగ్గరికి ఒకతను ‘క్లచ్ గట్టిగా అయిపోయింది’ అని వచ్చాడు. పెడల్ దగ్గర వాసన చూస్తే కాలిన ప్లాస్టిక్. కేబుల్ విప్పితే పైపొర ఉబ్బి, వేలితో ముట్టుకుంటే పొట్టు రాలినట్టు రాలింది. అతను క్లచ్ ప్లేటు మార్పించుకోవడానికి సిద్ధపడి వచ్చాడు. నాలుగు రోజుల ముందు ఎక్కడో ఇంజన్ పని చేయించాడు, ఎర్త్ వైరు గాలిలో వేలాడుతోంది. తాళం తిప్పినప్పుడు మీకు క్లచ్ కేబుల్ గానీ యాక్సిలరేటర్ కేబుల్ గానీ వెచ్చగా తగిలితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

జంపర్ కేబుల్ పరీక్ష

బండి న్యూట్రల్‌లో పెట్టండి, హ్యాండ్‌బ్రేక్ లాగండి, ఒక చక్రం ముందు వెనక రాయి పెట్టండి. ఈ మూడూ చేశాకే మిగతాది. బ్యాటరీ జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్ మీద పట్టించండి. రెండో కొస ఇంజన్ మీద పెయింటు, గ్రీజు లేని ఇనుము ఎక్కడుందో చూసి పట్టించండి, ఆల్టర్నేటర్ బ్రాకెట్ బోల్టు అయితే మంచిది. ప్లస్ జోలికి వెళ్లొద్దు. ఇప్పుడు తాళం తిప్పండి.

సెల్ఫ్ గిర్రున తిరిగిందా? మీ మోటారు బంగారం. ఎర్త్ వైరు వెతికి బిగించుకోండి, కథ అయిపోయింది.

ఇళ్లల్లో వాడే కరెంటు వైరుతో ఈ పరీక్ష చెయ్యొద్దు. అది వేడెక్కి చెయ్యి కాలుతుంది, పైగా సరిపడా కరెంటు మొయ్యలేక ‘ఎర్త్ తప్పు కాదు’ అని అబద్ధపు జవాబు ఇస్తుంది. జంపర్ కేబుల్ లేకపోతే ఏ లారీ డ్రైవర్ని అడిగినా ఇస్తాడు.

ఎర్త్ వైరు ఎక్కడుంటుంది అంటారా? బ్యాటరీ మైనస్ క్లాంపు నుంచి కిందికి వేలు పెట్టి వెతుక్కుంటూ వెళ్లండి. చాలా చిన్న కార్లలో అది నేరుగా గేర్‌బాక్స్ మీదికే వెళ్లి ఒక బోల్టు కింద ఉంటుంది. మీ బండిలో గేర్‌బాక్సే మార్చారు కాబట్టి ఆ బోల్టు విప్పక తప్పదు. తిరిగి వేసేటప్పుడు మర్చిపోయి ఉంటారు, లేదా ఏదో ఒక బోల్టు కింద పైపైన వేసి ఉంటారు. స్క్రాప్ గేర్‌బాక్స్‌లో ఆ బోల్టు మర తుప్పు పట్టి ఉంటే బోల్టు సగం దిగి ఆగిపోతుంది, పైకి బిగినట్టే కనిపిస్తుంది. లగ్‌ని, అంటే వైరు కొసన బోల్టు దూరే రింగుని, వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. కదిలిందంటే అది పట్టలేదు.

వైరు ఉంది, గట్టిగానే ఉంది, అయినా తిరగట్లేదు అంటే?

అప్పుడు పెయింటు చూడండి. ఈ సంగతి నాకు ఒక బండి నేర్పింది. కొన్నేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్ గేర్‌బాక్స్ వేసిన ఒక వ్యాన్ వచ్చింది, మీలాంటి కంప్లైంటే. బ్యాటరీ మార్చారు, మోటారు బాగు చేయించారు, రెండూ దండగ. నేను చూస్తే ఎర్త్ వైరు చక్కగా బిగించి ఉంది. గేర్‌బాక్స్ కూడా కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. అమ్మినవాడు అది పాతదని తెలియకూడదని పైనుంచి కిందిదాకా సిల్వర్ పెయింటు కొట్టాడు. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందు గంటలాంటి భాగం) ఇంజన్‌కి ఆనుకునే చోట కొట్టాడు, సెల్ఫ్ మోటారు కూర్చునే చోట కొట్టాడు, ఎర్త్ బోల్టు వేసే చోటా కొట్టాడు. పెయింటు మీద లగ్ పెట్టి ఎంత బిగిస్తే మాత్రం ఏం లాభం? ఆ మూడు చోట్లా ఎమరీ కాగితంతో గీకి లోహం తేల్చాను. మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది. అప్పటి నుంచి ఎవరు స్క్రాప్ గేర్‌బాక్స్ తెచ్చినా నేను ముందు చూసేది దాని పళ్లు కాదు, పెయింటు.

పెయింటు లేకపోయినా చిలుము ఉండొచ్చు. వంశధార పక్క ఊళ్లలో వానాకాలం తేమ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. రాగి లగ్ మీద పచ్చటి చిలుము, బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొడి. ఇత్తడి చెంబు తోమినట్టే లగ్‌ని చింతపండుతో తోమితే చిలుము పోతుంది, తర్వాత నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వండి. బ్యాటరీ మీద తెల్ల పొడికి తినే సోడా కలిపిన వేడినీళ్లు, సెల్స్ మూతలు గట్టిగా మూసి ఉంచి మరీ పొయ్యండి. లగ్, వైరు కలిసే మెడ దగ్గర వంచి చూడండి. పైన ప్లాస్టిక్ బాగానే ఉండి లోపల తీగలు నల్లగా పుచ్చిపోయి ఉంటాయి. ఇరవై పోగుల్లో మూడే మిగిలిన వైరు కూడా లైటు వెలిగిస్తుంది.

మీటరు ఉంటే

ఇక్కడ చదువుకున్న కుర్రాళ్లు ఒక పొరపాటు చేస్తారు. మల్టీమీటరుని బీప్ మోడ్‌లో పెట్టి బ్యాటరీ మైనస్‌కి, ఇంజన్‌కి ముట్టిస్తారు. బీప్ అంటుంది. ‘ఎర్త్ ఓకే’ అని రాసేస్తారు. ఆ బీప్‌ని నమ్మొద్దు. 0.05 ఓమ్ అడ్డు ఉంటే మీటరుకి అది లెక్కే కాదు, బీప్ కొట్టేస్తుంది. కానీ వంద ఆంపియర్లు పోయినప్పుడు ఆ 0.05 ఓమే 5 వోల్టులు మింగేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీలో 5 అక్కడే పోతే మోటారుకి మిగిలేదేంటి? అదే దారిలో హెడ్‌లైట్ ఐదు ఆంపియర్లు పోతే పోయేది పావు వోల్టే, కంటికి తేడా తెలియదు.

అందుకే ఎర్త్‌ని బరువు మీద ఉన్నప్పుడే, అంటే సెల్ఫ్ కొడుతుండగానే కొలవాలి. మీటరుని 20 వోల్టుల డీసీలో పెట్టండి. నల్ల మొన బ్యాటరీ మైనస్ సీసం పోస్టు మీద, క్లాంపు మీద కాదు, సరిగ్గా పోస్టు మీద. ఎర్ర మొన ఇంజన్ మీద శుభ్రమైన లోహం మీద. ఇంకొకరిని తాళం తిప్పమనండి. 0.2, 0.3 లోపల చూపిస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే అనుమానించండి. నాలుగో, ఆరో, ఎనిమిదో చూపిస్తే ఇక వెతకాల్సిన పని లేదు, దొంగ దొరికాడు. ఎర్ర మొనని ఇంజన్ మీద నుంచి గేర్‌బాక్స్ మీదికి, అక్కడి నుంచి సెల్ఫ్ మోటారు ఒంటి మీదికి జరుపుతూ ఇదే పరీక్ష మళ్లీ చేస్తే ఏ అతుకు దగ్గర వోల్టులు పోతున్నాయో వేలు పెట్టి చూపించినట్టు తెలుస్తుంది.

ప్లస్ వైపు కూడా ఇలాగే. ఒక మొన బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, ఇంకోటి సెల్ఫ్ మీద లావు వైరు పడే బోల్టు మీద. తిప్పినప్పుడు అర వోల్టు లోపల ఉండాలి.

బ్యాటరీ సంగతి: బండి ఆపి కొన్ని గంటలు ఊరుకున్నాక 12.6 ఉంటే నిండా ఉన్నట్టు, 12.2 అంటే దాదాపు సగం. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 కంటే కిందికి పడకూడదు. మీటరు లేనివాళ్లకి మా గురువుగారు నేర్పిన చిట్కా ఒకటుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు గోడ మీద పడేలా బండి పెట్టి తాళం తిప్పండి. వెలుతురు ఏమాత్రం తగ్గకపోతే కరెంటుకి దారే లేదు: ఎర్త్ ఊడింది, వైరు తెగింది, లేదా సొలినాయిడ్ లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. వెలుతురు ఎర్రగా చచ్చిపోతే కరెంటు పోతోంది గానీ బ్యాటరీ చాలట్లేదు, లేదా మోటారు పట్టేసింది. మీది మొదటి రకమని నా అంచనా. చూసి చెప్పండి.

ఎర్త్ కాదని తేలితే తర్వాత ఎక్కడ?

సన్న వైరు. సెల్ఫ్ సొలినాయిడ్ మీద లావు బోల్టు పక్కన చిన్న కప్లర్ ఒకటి ఉంటుంది, తాళం తిప్పినప్పుడు దానికి కరెంటు వస్తుంది. మీకు ‘టక్’ వస్తోంది కాబట్టి ఆ వైరు బతికే ఉంది. అసలు ఏ చప్పుడూ రాని వాళ్లకి మాత్రం మొదటి అనుమానం ఇదే. ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించి టెస్ట్ ల్యాంప్ చేసుకోండి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఆ కప్లర్‌కి. తాళం తిప్పితే వెలగాలి. వెలగకపోతే ఫ్యూజు, రిలే, తాళం స్విచ్, ఆ వరసలో వెనక్కి వెళ్లండి. క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అయ్యే కొత్త మోడళ్లలో పెడల్ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది. క్లచ్ కేబుల్ సర్దినప్పుడు పెడల్ ఎత్తు మారి అది నొక్కుడు పడకుండా పోతుంది. మీ పాత ఆల్టోకి ఆ గొడవ లేదు.

వైరు నలిగిపోవడం ఇంకో రకం. గేర్‌బాక్స్‌ని కింద నుంచి ఎత్తి ఇంజన్‌కి జత చేసేటప్పుడు ఒకడు జాకీ మీద, ఒకడు పైనుంచి చూస్తూ, ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని అరుచుకుంటూ ఉంటారు. ఆ హడావిడిలో ఏదో ఒక వైరు బెల్ హౌసింగ్‌కీ ఇంజన్‌కీ మధ్య పడుతుంది. బోల్టులు బిగించాక చీమని బండ కింద నొక్కినట్టే. సుంకి ఘాట్‌లో ఆగిపోయిన ఒక జీపు కోసం సాలూరు వైపు నుంచి నన్ను రాత్రిపూట పిలిపించారు. రెండు రోజుల ముందే గేర్‌బాక్స్ పని జరిగిన బండి. బల్లపరుపు రోడ్డు మీద సెల్ఫ్ తీసుకుంటోంది, ఘాట్ ఎక్కి ఇంజన్ వేడెక్కితే తీసుకోవట్లేదు. టార్చి లైటు వేసి చూస్తే రెండు ఇనపదిమ్మల మధ్య నుంచి ఒక వైరు పురుగులా తొంగి చూస్తోంది. పైపొర తెగి ఒక్క తీగ మీద వేలాడుతోంది. అక్కడికక్కడ వేరే వైరు లాగి ఇచ్చి పంపించాను. మర్నాడు బోల్టులు వదులు చేసి సరిచేశారు.

ఇక మోటారు తిరుగుతుంది, ఇంజన్ తిరగదు, ‘జుయ్‌య్’ అని ఉత్త చప్పుడు వస్తుంది అంటే అది కరెంటు జబ్బు కాదు. సెల్ఫ్ కొసన ఉండే చిన్న పళ్ల చక్రం పినియన్, దాన్ని ముందుకి తోసి పట్టించేది బెండిక్స్, అది పట్టుకునేది ఇంజన్ ఫ్లైవీల్ చుట్టూ ఉండే పళ్ల రింగు. బెండిక్స్ జారుతోంది, లేదా పినియన్ రింగుని అందుకోవట్లేదు. స్క్రాప్ గేర్‌బాక్స్ ఇంకో మోడల్‌దైతే సెల్ఫ్ కూర్చునే లోతు తేడా వస్తుంది. ‘కర్‌ర్’ అని పళ్లు గీసుకున్న చప్పుడు వస్తే గేర్‌బాక్స్‌కి, ఇంజన్‌కి మధ్య ఉండాల్సిన డోవెల్ పిన్నులు వేశారో లేదో అడగండి. చిన్న గొట్టం ముక్కల్లా ఉంటాయి, పాత గేర్‌బాక్స్‌తో పాటే చెత్తలోకి పోతుంటాయి. అవి లేకపోతే గేర్‌బాక్స్ వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది, మోటారు బతుకు పాడవుతుంది. ఒక్కోసారి తీసుకుని ఒక్కోసారి తీసుకోకపోతే రింగు పళ్లు ఒకచోట అరిగి ఉంటాయి. నాలుగో గేరు వేసి, తాళం తీసేసి, బండిని ముందుకీ వెనక్కీ ఒక అడుగు ఊపి, మళ్లీ న్యూట్రల్ చేసి తిప్పి చూడండి. తీసుకుందంటే రింగు మార్చాలి.

ఇంజనే బిగుసుకుపోయిందేమో అన్న టెన్షన్ మీకు అక్కర్లేదు. తోస్తే స్టార్ట్ అవుతోంది కదా, అది మంచి సాక్ష్యం. ఆటోమేటిక్ బండ్ల వాళ్లు మాత్రం జాగ్రత్త. టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండేది) లోపలికి పూర్తిగా దిగకుండా బోల్టులతో లాగి బిగించేస్తే ఇంజన్ తిరగదు, గేర్‌బాక్స్ లోపల పంపు విరుగుతుంది. సెల్ఫ్ ‘టక్’ అని ఆగిపోతుంటే, బలవంతంగా మళ్లీ మళ్లీ కొట్టకుండా క్రాంక్ పుల్లీని స్పానరుతో చేత్తో తిప్పి చూడాలి. ఆటోమేటిక్‌లలో పార్క్, న్యూట్రల్ గుర్తుపట్టే స్విచ్ కూడా గేర్‌బాక్స్ మీదే ఉంటుంది. పార్క్‌లో తీసుకోకుండా న్యూట్రల్‌లో తీసుకుంటోందంటే ఆ స్విచ్‌నో లివర్ కేబుల్‌నో సర్దితే చాలు.

మోటారు నిజంగానే పోయి ఉండొచ్చా?

ఉండొచ్చు. మీ మెకానిక్‌ని నేను తప్పుపట్టట్లేదు. గేర్‌బాక్స్ దించేటప్పుడు సెల్ఫ్‌ని కిందపెట్టకుండా వైరుకే వేలాడదీస్తారు, లేదా పైనుంచి నేల మీద పడుతుంది. ఇప్పటి చాలా మోటార్లలో లోపల ఫీల్డ్ కాయిల్ (అయస్కాంతంలా పనిచేసే తీగచుట్ట) ఉండదు, అయస్కాంతం బిళ్లలు అతికించి ఉంటాయి. అవి పెంకుల్లాంటివి, కిందపడితే పగులుతాయి. అందుకే సెల్ఫ్ మీద సుత్తితో కొట్టే పాత అలవాటు కూడా మానుకోవాలి. వెనకటి మోటార్లలో ఇరుక్కున్న బ్రష్‌లు ఆ దెబ్బకి కదిలేవి, ఇప్పుడు ఆ దెబ్బకి అయస్కాంతం ముక్కలవుతుంది.

మోటారు దోషం అని నేను ఎప్పుడు ఒప్పుకుంటానంటే, తాళం తిప్పి పట్టుకున్నప్పుడు లావు బోల్టు దగ్గర పది వోల్టుల పైన ఉండాలి, సన్న వైరుకి కరెంటు రావాలి, ఎర్త్ పరీక్షలో అర వోల్టు లోపల ఉండాలి. అన్నీ బాగుండి కూడా తిరగకపోతే అప్పుడు విప్పండి. అప్పుడు కూడా నేరుగా కొత్తది కొనక్కర్లేదు. కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు, సొలినాయిడ్ కాంటాక్టులు విడిగా దొరుకుతాయి. ఒక్క గట్టి ‘టక్’ వచ్చి ఆగిపోయేది తరచు సొలినాయిడ్ కాంటాక్టు దోషమే. బయట పరీక్షించేటప్పుడు మోటారుని వైస్‌లో బిగించండి. కరెంటు ఇవ్వగానే అది ఒక్క గెంతు గెంతుతుంది. బయట గిర్రున తిరిగింది కదా అని సంబరపడొద్దు, అది ఉత్త చేతుల పరుగు. బరువు మీద పెట్టాకే అసలు సంగతి తెలుస్తుంది.

సెల్ఫ్ విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యాలి, తిరిగి పెట్టేటప్పుడు మైనస్ ఆఖర్న పెట్టాలి. ఆ లావు బోల్టుకి తాళంతో పని లేదు, ఎప్పుడూ కరెంటు ఉంటుంది. స్పానరు ఒక కొస బోల్టు మీద, ఇంకో కొస బాడీకి తగిలితే మెరుపు మెరుస్తుంది. నా ఎడమచేతి ఉంగరపు వేలి చుట్టూ ఇప్పటికీ ఒక గుర్తు ఉంది, పని నేర్చుకునే రోజుల్లో ఉంగరంతో చెయ్యి పెట్టినందుకు. ఇంకో మాట, కింద పడుకుని స్క్రూడ్రైవరుతో రెండు బోల్టులు కలిపి స్టార్ట్ చేసే విద్య దయచేసి ప్రయత్నించొద్దు. బండి గేరులో ఉంటే మీ మీదికే వస్తుంది.

నేను కూడా ఒకసారి మీ మెకానిక్ చేసినట్టే చేశాను. షాపు పెట్టిన కొత్తలో ఒక ట్యాక్సీ ఆయనకి ‘మోటారు పోయింది’ అని చెప్పి కొత్తది వేయించాను. కొత్తది కూడా ‘టక్’ అంది. అప్పుడు సిగ్గుపడుతూ కిందికి దూరితే గేర్‌బాక్స్ వెనక ఎర్త్ పట్టీ బురదలో కప్పబడి తెగి ఉంది. పాత మోటారు తిరిగి బిగించి, కొత్తది షాపువాడికి వాపసు ఇచ్చి, ఆయన డబ్బులు ఆయనకి ఇచ్చేశాను. కూలి అడగడానికి నోరు రాలేదు.

కాబట్టి రేపు పొద్దున జంపర్ కేబుల్ తీసుకుని ఆ ఒక్క పరీక్ష చెయ్యండి. తిరిగితే కొత్త ఎర్త్ వైరు వేయించండి, పాతది బాగు చెయ్యొద్దు. లావు రాగి వైరు, రెండు కొసల్లోనూ నొక్కి బిగించిన లగ్‌లు, కింద పళ్ల వాషరు, బిగించాక పైన కాస్త వాసెలిన్. రాయగడ వచ్చేటట్టయితే అరగంట పని. తిరగకపోతే జంపర్ పెట్టి ఉండగా వచ్చిన చప్పుడు ఎలా ఉంది, హెడ్‌లైట్ తగ్గిందా లేదా, మీటరు ఉంటే ఎర్త్ రీడింగ్ ఎంత వచ్చింది, ఈ మూడూ ఇక్కడే రాయండి, చూస్తాను.